సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి వారంటీ రిపేరు ఎలా చేయించుకోవాలి?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మా తమ్ముడికి పాత డెల్ కొనేటప్పుడు, ధర అడగక ముందే ల్యాప్‌టాప్ తిరగేసి సర్వీస్ ట్యాగ్ (ఆ ల్యాప్‌టాప్‌కి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు) చూశాను. అందులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఏడు ఉంటాయి. కంపెనీ సైట్లో కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో తెలిసిపోతుంది. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, బయోస్‌లోనూ (విండోస్ మొదలవక ముందే వచ్చే సెట్టింగుల తెర) అదే ట్యాగ్ ఉందో లేదో చూడండి. తేడా ఉంటే మదర్‌బోర్డో, అడుగు మూతో మార్చి ఉండొచ్చు. నేనైతే కొనను.

మొదటి ఓనర్ బిల్లు కాపీ తప్పకుండా తీసుకోండి. ఓనర్‌షిప్ మీ పేరు మీదికి మార్చే ఫారం కూడా అదే సైట్లో ఉంటుంది. పాడయ్యేదాకా ఆగకుండా ముందే నింపేయండి.

రిపేరుకి ఇచ్చే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి, ఇది చాలా ముఖ్యం. డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసి దాచుకోండి. బోర్డు మార్చాక ల్యాప్‌టాప్ ఆ కీ అడిగితే, అది లేకుండా మీ ఫొటోలు, ఫైళ్లు తెరుచుకోవు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసివ్వకండి.

రిపేరుకి తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్‌లో గీతలు, సొట్టలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి. తర్వాత కొత్త సొట్ట కనిపిస్తే వాదించడానికి అదే ఆధారం. నీళ్లు పడినా, కింద పడినా మామూలు వారంటీ వర్తించదు. వారంటీ ఉండి కూడా తిప్పిస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.