మొరం దారుల్లో బండి, 4వ పాఠం: కమాన్ కట్ట బిగింపు మళ్లీ ఒకసారి

ఈసారి షాకబ్జర్ల పాఠం మొదలుపెట్టాల్సింది. కానీ కిందటి పాఠం చూసి టొయోటా హైలక్స్ పికప్ వెనక కమాన్ కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టాల స్ప్రింగు) మార్చుకున్నవాళ్లలో చాలామందికి ఒకే ఇబ్బంది వచ్చింది. ఉత్తర కెన్యాలో మార్సబిట్ దగ్గర తారు వదిలి చాల్బి ఎడారి వైపు తిరిగాక పట్టాల నడుమ గుచ్చిన సెంటర్ బోల్ట్ తెగింది, ఇరుసు ఉండే గొట్టం, అంటే హౌసింగ్, ఒక పక్క వెనక్కి జరిగింది. బండి నేరుగా పోవాలంటే స్టీరింగు వంకరగా పట్టుకోవాల్సి వస్తోంది. ముందు ఇది తేల్చుకుందాం.

బోల్ట్ నాసిరకమనుకుని ఇంకా గట్టిది కొనకండి. పట్టాలన్నిటినీ ఒక వరసలో ఉంచడం, తన తలను హౌసింగ్ సీటు రంధ్రంలో కూర్చోబెట్టి కట్టకు చోటు చూపించడం, సెంటర్ బోల్ట్ పని అంతవరకే. ఇరుసును పట్టి ఉంచేది దాన్నీ కట్టనూ చుట్టి బిగించే U ఆకారపు బోల్టుల, అంటే యూ-బోల్టుల బిగువు. అది తగ్గితే బ్రేకు వేసినప్పుడల్లా, గతుకు తగిలినప్పుడల్లా తోపు మొత్తం ఆ సన్న బోల్ట్ మీద అడ్డంగా పడి, కత్తిరించినట్టు తెగిపోతుంది.

బిగువు తగ్గడానికి మొదటి కారణం పాత యూ-బోల్టులు. ఒకసారి సాగినవి మళ్లీ ఆ పట్టు ఇవ్వవు. కట్ట విప్పితే నాలుగూ నట్లతో సహా కొత్తవి వేయాల్సిందే. రెండోది సీటు మీది పాత రంగు, మట్టి. అక్కడివాళ్లు మరమ్ అనే మన మొరం మీద అలలు అలలుగా లేచిన దారిలో కొన్ని పదుల కిలోమీటర్లు అదిరితే చాలు, ఆ పొర నలిగి రాలిపోతుంది. పొర మందం ఎంతో, బోల్ట్ అంత వదులు. ఇనుము కనిపించేదాకా వైరు బ్రష్షుతో గీకండి. మూడోది, మళ్లీ బిగించడం గురించి నేను ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం. ఒక్కో పక్క నాలుగు నట్లను ఎదురెదురుగా, మూడు విడతల్లో మాన్యువల్ చెప్పిన టార్క్ (తిప్పే బిగువు) దాకా తేవాలి. చివరి విడత బండి బరువు చక్రాల మీద ఉండగా చేయాలి. మొరం మీద 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 500కి ఇంకోసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి. యూ-బోల్ట్ ప్లేటు అంచున తుప్పు రంగు మెత్తటి పొడి కనిపిస్తే లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. రెంచ్ అందేదాకా బండి కదపకండి.

ఇక బుష్‌లు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా కమాన్ కంటి (పట్టా చివర గుండ్రంగా చుట్టిన రంధ్రం) బోల్టును పూర్తిగా బిగించేస్తున్నారు. ఫుండీలూ (అక్కడి మెకానిక్‌లు) చేస్తున్నారు, మీరూ చేస్తున్నారు. ముందు వైపు కంటిలోని బుష్ ఎలా ఉంటుందో చూడండి. లోపల ఒక ఇనప గొట్టం, దాని చుట్టూ అతుక్కున్న రబ్బరు. బోల్ట్ బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కు పట్టేసి ఇక తిరగదు. కమాన్ పైకీ కిందకీ ఆడినప్పుడు మెలితిరిగేది రబ్బరు ఒక్కటే. వేలాడుతుండగా బిగిస్తే ఆ స్థితే దానికి మెలిక లేని సున్నా. బండి దించగానే, గతుకు ఒక్కటీ తగలకుండానే, రబ్బరు మెలితిరిగి ఉంటుంది. నిలబెట్టిన బండిలోనూ ఆ మెలిక తీరదు. ఆ మీద దారి అదురు తోడైతే రబ్బరు గొట్టం నుంచి ఊడిపోతుంది. మీరేమో బుష్ నకిలీదని షాపువాణ్ణి తిడతారు. నట్టును చేత్తో పట్టేదాకా తిప్పి వదలండి. బండి దించండి, ఎప్పుడూ మోసే సామాను ఎక్కించండి, నాలుగుసార్లు ఊపండి, అప్పుడు బిగించండి. కిందకి దూరడానికి చోటు చాలకపోతే వెనక చక్రాలు రెండిటినీ ర్యాంపుల మీదికి ఎక్కించండి. నాకు నచ్చిన పద్ధతి అదే. పాలియురేతేన్ బుష్‌కు ఈ బాధ లేదు, అది గొట్టం చుట్టూ తిరుగుతుంది. అయినా ఆ దుమ్ములో గ్రీజు ఎండి అరిగిపోతుంది కాబట్టి నా ఓటు రబ్బరుకే.

దారిలో మెయిన్ పట్టా ముందు కన్ను దగ్గర విరిగితే ఇరుసు వెనక్కి జారకుండా హౌసింగ్ నుంచి ముందు బ్రాకెట్‌కు గొలుసు వేసి లాగి కట్టండి. బ్రేకు గొట్టం సాగలేదని చూసుకుని నడక వేగంతో పొండి. కింది పట్టా ఒకటి విరిగితే అంత ప్రమాదం లేదు, సామాను తగ్గించండి.

షాకబ్జర్లకు ఈసారి ఒక్క పరీక్షే. అలల దారిలో 20 కిలోమీటర్లు నడిపి ఆపగానే ఒక్కోదాని మీద నీళ్లు చిలకరించండి. చేత్తో పట్టుకోకండి, కాలుతుంది. అన్నీ సుయ్యిమంటూ ఒకటి చల్లగా ఉంటే, పని మానేసింది అదే. అదురును వేడిగా మార్చడమే దాని పని కదా.

అభ్యాసం: సమతలం నేల మీద, మామూలు బరువుతో, ముందు కంటి బోల్ట్ నడిమి నుంచి ఇరుసు నడిమికి రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. మొరం మీద 50 కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ కొలవండి. రెండు పక్కల తేడా 5 మిల్లీమీటర్లు దాటితే కట్ట విప్పి, గీకడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగు కొలతలూ రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితోనే పని.