రోహిణి కార్తెలో మారథాన్ తయారీ

నేను బెజవాడలో లెక్కల టీచర్ని, వయసు 44. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పరిగెత్తాలంటే సాధన మే నెలలోనే మొదలవ్వాలి. మే అంటే ఇక్కడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, మరి మన ఒంటి సంగతి? రెండు వేసవులు పడీ లేచీ నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు టైము. సాయంత్రం ఎండ పోయింది కదా అని దిగకండి. పగలంతా కాగిన తారు, గోడలు అప్పుడే వేడి కక్కుతుంటాయి. నేను తెల్లారుజామున నాలుగుంబావుకల్లా ప్రకాశం బ్యారేజీ మీద ఉంటాను, ఆదివారం పొడుగు పరుగు తప్ప ఆరింటికి ముగించేస్తాను. బ్యారేజీ ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 1.2 కిలోమీటర్లు. సీతానగరం వైపు వెళ్లి వెనక్కొస్తే 2.4. రౌండ్లు కొట్టడం విసుగే, కానీ నీళ్ల క్యాను ఒకచోట పెట్టుకోవచ్చు. మా ఆయన పరిగెత్తరు. స్కూటర్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ, నేను తిరిగొచ్చినప్పుడల్లా నా మొహం చూస్తారు. కుక్కలు కూడా ఆయన డిపార్ట్‌మెంటే.

ఆ వేళప్పుడు చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. ఒళ్లు చల్లబడేది చెమట ఆరితేనే, కారితే కాదు. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. అందుకే జనవరిలో కిలోమీటరు ఏడు నిమిషాల్లో వెళ్తే 145 కొట్టుకునే నా గుండె, మేలో అదే వేగానికి 162 కొట్టుకుంటుంది. ఇప్పుడు ఎనిమిది నిమిషాలు తీసుకుంటున్నాను. వాచీలో వేగం కనపడకుండా తీసేశాను. పరిగెడుతూ పదిహేడో ఎక్కం ఆయాసం లేకుండా చెప్పగలిగితే అదే నా వేగం. 17 ఏడులు దగ్గరే రొప్పు వచ్చిందంటే నడుస్తాను, సిగ్గేం లేదు.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కాబట్టి మొదటి వారం అరగంట, రెండో వారం ముప్పావుగంట, అంతే. మధ్యలో పెళ్లిళ్లకు తిరిగి పది రోజులు ఏసీ గదుల్లో గడిపొస్తే మళ్లీ అరగంటతోనే మొదలుపెట్టండి. మేలో ఆదివారం పొడుగు పరుగు 16 కిలోమీటర్లు దాటించను. 28, 30 కిలోమీటర్ల పరుగులు జూలైలో వానలు పడ్డాక చూసుకోవచ్చు.

నీళ్ల దగ్గర నాకు గట్టి దెబ్బే తగిలింది. మొదటి వేసవిలో భయంకొద్దీ 16 కిలోమీటర్లకి నాలుగు లీటర్ల దాకా ఉత్త నీళ్లు తాగాను. ఇంటికొచ్చేసరికి వేళ్లు ఉబ్బి ఉంగరం కదల్లేదు, తలనొప్పి, వాంతి. రక్తంలో సోడియం పడిపోయిందన్నారు డాక్టరు గారు. అప్పట్నుంచి లెక్క కడుతున్నాను. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకుంటాను. ఓసారి 61.4 నుంచి 60.2కి వచ్చాను, మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు. అంటే గంటన్నరలో పోయిన చెమట 1.6 లీటర్లు. అదంతా పరుగులోనే పూడ్చాలని లేదు, దాహమైనప్పుడు తాగితే చాలు. పరుగయ్యాక బరువు పెరిగిందంటే మాత్రం ఎక్కువ తాగినట్టే.

గంట దాటే పరుగులకి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పట్టుకెళ్తాను, దానిమీద రాసినన్ని నీళ్లే కలుపుతాను. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. కొబ్బరినీళ్లు నాకూ ఇష్టమే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేదేమో ముఖ్యంగా సోడియం. తాగండి, పక్కన ఉప్పున్నదేదైనా తినండి.

మా ఆయనకి నేర్పింది ఒక్కటే: నేను తూలినా, తిక్కతిక్కగా మాట్లాడినా నా మాట వినొద్దని. వడదెబ్బలో మొదట తప్పేది మతి. చెమట ఆగిపోయేదాకా చూడక్కర్లేదు, చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్లు పొయ్యకూడదు. స్కూటర్ డిక్కీలో పెద్ద తువ్వాలు, వెనక రెండు క్యాన్ల నీళ్లు అందుకే.

నూలు టీషర్టు వద్దు, తడిసి బరువెక్కుతుంది. తొడలు, చంకల్లో ఒరుసుకోకుండా వాజలీన్ రాసుకోండి. చెమటకి నానిన షూల్లో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. త్వరగా ఆరతాయని డాబా మీద ఎండలో పెడితే అడుగు ఊడొచ్చింది నాకు, నాలుగు వేల జత.