బెంగళూరులో ముగ్గురు చిన్నపిల్లలతో ఇల్లు నడపడం: ఏవి కలపాలి, ఏవి విడదీయాలి

ఒక్క బిడ్డే ఉన్నప్పుడు తల్లి ఆ బిడ్డ వేళలను బట్టి నడుచుకోగలదు. ఏడాది బిడ్డ, మూడేళ్ల పిల్ల, బడికి వెళ్లే ఐదారేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో ఒక్కొక్కరి వేళను పట్టుకుని తిరిగితే మాత్రం రాత్రి పది దాటినా పని తెమలదు. పైగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, పురిటికి తోడుగా వచ్చిన అమ్మో అత్తగారో కొన్ని నెలలుండి అనంతపురానికో నెల్లూరికో తిరిగి వెళ్లిపోతారు. భర్త ఔటర్ రింగ్ రోడ్డు రద్దీని దాటుకుని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. పగలంతా పెద్దవారు ఒక్కరే ఉండే అటువంటి ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను.

ముందుగా చేయవలసింది పనులను రెండు రాశులుగా విడదీసుకోవడం. స్నానం, భోజనం, నిద్ర, బయటికి వెళ్లడం అందరికీ కలిపి జరగాలి. మందులు, టీకాలు, తల్లితో ఒంటరిగా గడిపే కాసేపు మాత్రం ఎంత తొందరలో ఉన్నా కలపకూడదు. చాలా ఇళ్లలో ఇది తారుమారుగా జరుగుతుంది: అన్నం ముగ్గురికీ మూడు వేళల్లో పెడతారు, దగ్గు మందు మాత్రం ఒకే సీసాలోంచి ముగ్గురికీ పోస్తారు.

నీళ్లు, స్నానాలు

బడి ఉన్న రోజు పొద్దున్నే ముగ్గురికీ తలంటి, పలహారం పెట్టి, వ్యాను వేళకు దింపడం తలకు మించిన పని. స్నానాలను సాయంత్రానికి మార్చుకుంటే ఉదయం ముఖాలు కడగడం, బట్టలు మార్చడం మాత్రమే మిగులుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి చలికి కూడా ఇదే నయం. చంటిబిడ్డకు ముందు పోసి, కటకటాల మంచంలో కూర్చోబెట్టి, ఆ తర్వాత మిగిలిన ఇద్దరికీ కలిపి పోయవచ్చు. మీ ప్రాంతానికి కావేరి నీళ్లు ఏ రోజుల్లో వస్తాయో చూసుకుని తలంటు, పక్కబట్టల ఉతుకు ఆ రోజులకే పెట్టుకోండి. బోరు నీళ్లతో, ట్యాంకరు నీళ్లతో తరచు పోయవలసి వచ్చి పిల్లల చర్మం పొడిబారితే, స్నానం కాగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయండి.

బకెట్టులో ఎప్పుడూ చన్నీళ్లు ముందు పోసి, ఆ తర్వాతే వేణ్ణీళ్లు కలపాలి. గ్యాసు గీజరు స్నానాల గది లోపల బిగించి ఉంటే దాన్ని బయటికి మార్పించండి. మూసిన గదిలో మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు కనుక ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. నడక నేర్చిన బిడ్డకు నాలుగంగుళాల నీళ్లున్న బకెట్టు కూడా ప్రాణాపాయమే కాబట్టి, వాడిన బకెట్టును ఖాళీ చేసి బోర్లించడం ఇంటిలో అందరికీ అలవాటు కావాలి. నీళ్ల కరువుకు భయపడి బకెట్లు నింపి ఉంచేవారు ఆ గదికి బయటినుంచి, పిల్లల చేతికి అందని ఎత్తులో గడియ పెట్టించుకోవాలి. విడి ఇళ్లలో ఉండేవారు సంపు మూతను ప్రత్యేకంగా చూసుకోవాలి. ట్యాంకరు వచ్చినప్పుడు మూత తీసి, గొట్టం వేసి, మాటల్లో పడి దాన్ని అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పని. ఆ కాసేపు పిల్లలు ఇంటి లోపలే, తలుపు వేసి ఉండాలి.

పెద్దవాడిని చంటిబిడ్డకు కాపలా పెట్టి స్నానాల గది వదిలి వెళ్లకూడదు. తలుపు గంట మోగినా, ఫోను మోగినా, బిడ్డను తువ్వాలులో చుట్టి ఎత్తుకునే వెళ్లాలి.

ఒకే వంట

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదు. ఆ తర్వాత పై ఆహారం మొదలుపెట్టి, రెండేళ్లవరకు, కుదిరితే ఆ పైన కూడా, పాలు ఇస్తూనే ఉండవచ్చు. ఏడాది వచ్చేసరికి బిడ్డ ఇంటివారందరి తిండే తినగలదు కాబట్టి ముగ్గురికీ మూడు వంటలు చేయడం వృథా శ్రమ. కందిపప్పు, ఒక కూరగాయ, అన్నం కుక్కరులో మెత్తగా ఉడికించి, ఉప్పు కారాలు వేయకముందే చిన్నబిడ్డ వాటా తీసి నేతితో మెదిపి, మిగిలినదానికి ఉప్పు, పులుపు వేసి పోపు పెడితే పెద్దవాళ్లకు అదే పప్పవుతుంది. కర్ణాటకలో రాగిపిండికి కొదవ లేదు. పెద్ద పిల్లలకు ముద్ద చేసిన రోజున అదే పిండితో చంటిబిడ్డకు జావ కాచండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు, నాలుక పలుచన కావడానికని పెద్దలు చెప్పినా సరే. అందులో ఉండే అవకాశమున్న బొటులిజం క్రిములను ఆ వయసు పేగులు తట్టుకోలేవు.

ముగ్గురినీ నేలమీద చాప వేసి ఒకేసారి కూర్చోబెట్టండి, మీ కంచం కూడా అక్కడే పెట్టుకోండి. పిల్లలు వదిలేసిన ఎంగిలి మెతుకులతో కడుపు నింపుకునే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఆ అలవాటుకు త్యాగమని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు, పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి. ఒక పూట సరిగా తినని పిల్లవాడికి వెంటనే పాలగ్లాసు అందించవద్దు. రోజుకు అర లీటరుకు మించి పాలు తాగే పిల్లలకు అన్నం మీద ఆకలి చచ్చి, ఒంట్లో ఇనుము తగ్గుతుంది.

కలిపి తినే చోట ఒక్క జాగ్రత్త అవసరం. పెద్దవాడి పళ్లెంలోని వేరుశనగ గుళ్లు, వేయించిన శనగలు, గుండ్రని ద్రాక్ష చిన్నబిడ్డ గొంతులో అడ్డుపడతాయి. నాలుగైదేళ్లు దాటేవరకు గింజలను పొడిగానో చిక్కీని నలిపిన పిండిగానో ఇవ్వండి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఆటబొమ్మలలో ఉండే బటన్ బ్యాటరీ అంతకంటే ప్రమాదకరం. అది గొంతులో చిక్కుకుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగిందని అనుమానం కలిగినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర

ఒకటి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లవారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, అందులో పగటి కునుకు కూడా కలిసి ఉంటుంది. మధ్యాహ్నం ఒక గంట ఇంట్లో దీపాలు ఆర్పి, తెరలు దించి, చంటిబిడ్డతోపాటు మూడేళ్ల పిల్లనూ పడుకోబెట్టండి. నిద్ర రాకపోయినా బొమ్మల పుస్తకంతో పక్కమీద ఉండాలన్నది నియమంగా పెట్టండి. ఆ గంటలో గిన్నెలు తోమడం మొదలుపెట్టకుండా మీరూ నడుం వాల్చండి.

మందులు, టీకాలు: ఇక్కడ ఏదీ కలపవద్దు

ముగ్గురు పిల్లలున్న ఇంటి మందుల అరలో ఒకే మందు మూడు రూపాల్లో ఉండటం సహజం. జ్వరానికి వాడే పారాసెటమాల్‌నే తీసుకోండి. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక రకం సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, మరో రకంలో అయిదు మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. వైద్యులు సాధారణంగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్క వేస్తారు. ఆ లెక్కన పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి, అంటే 120 రకం సిరప్ ఆరు మిల్లీలీటర్లకు కాస్త పైన, 250 రకం మూడు మిల్లీలీటర్లు, చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటరు. "ఆరు మిల్లీలీటర్లు" అన్న అంకెను మాత్రమే గుర్తుపెట్టుకుని నిద్రమత్తులో మరో సీసా అందుకుంటే, బలమైన సిరప్‌తో మోతాదు రెట్టింపు, చుక్కల మందుతో నాలుగింతలు అవుతుంది. అందుకే ప్రతి సీసా మీద బిడ్డ పేరు, బరువు, డాక్టరు చెప్పిన మోతాదు, తేదీ రాసి అంటించండి. వంటగది చెంచాలు కాకుండా సీసాతో వచ్చిన కొలత కప్పునో, సూది లేని సిరంజినో వాడండి. ఇద్దరికి ఒకేసారి జ్వరం వచ్చిన రాత్రి, ఎవరికి ఎన్ని గంటలకు ఇచ్చారో తలుపు వెనుక కాగితం మీద రాయకపోతే తెల్లవారుజామున ఎవరికీ గుర్తుండదు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి.

పెద్దవాడికి రాసిచ్చిన దగ్గు మందును చిన్నవారికి పోయడం పూర్తిగా మానుకోవలసిన పని. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, ఐదేళ్లలోపువారికి సాధారణంగా సిఫారసు చేయరాదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో సూచించింది. విరేచనాలకు ఓఆర్ఎస్ మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే మొత్తంగా కలిపి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో అంచనాగా కలపడం మంచిది కాదు. బిడ్డ తాగలేకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా, మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం తగిలినా ఇంటి వైద్యం ఆపి వెంటనే బయలుదేరండి. అంబులెన్సుకు 108.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే టీకాల పుస్తకాన్ని ఇక్కడ తాయి కార్డు అంటారు. పిల్లలు ముగ్గురైతే కార్డులూ మూడు, వాటిని మూడు వేరువేరు రంగుల సంచుల్లో పెట్టండి. చంటిబిడ్డ టీకాలను ఎవరూ మరచిపోరు. వెనుకబడేది పెద్ద పిల్లలవే, ముఖ్యంగా 16 నుంచి 24 నెలల మధ్య వేసే బూస్టరు (రక్షణ తగ్గకుండా మళ్లీ వేసే మోతాదు), ఐదారేళ్లకు వేసే రెండో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టరు. విటమిన్ ఎ ద్రవం కూడా తొమ్మిది నెలలతో మొదలై ఐదేళ్లవరకు ఆరేసి నెలలకొకసారి పడాలి. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు కాబట్టి డాక్టరును అడిగి సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ఒకరికి సోకితే ఇంట్లో తక్కిన పిల్లలకు దాదాపు తప్పని జబ్బు అది. పొక్కులన్నీ చెక్కు కట్టేవరకు అంటు ఉంటుంది కనుక అంతవరకు బడి మాన్పించాలి.

బయటికి వెళ్లేటప్పుడు

స్కూటరు మీద ముందు ఒకరిని, వెనుక ఒకరిని ఎక్కించుకుని బడికి తీసుకువెళ్లే తల్లులు ప్రతి వీధిలో కనిపిస్తారు. నడిపేవారు కాక ఒక్కరికి మించి ఎక్కడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, పిల్లలైనా లెక్కలోకి వస్తారు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లవరకు పిల్లలకు నడిపేవారి ఒంటికి కట్టే సేఫ్టీ బెల్టు, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. కాబట్టి బడిని ఇంటినుంచి నడిచివెళ్లే దూరంలో వెతుక్కోవడం, వీలైతే ముగ్గురినీ ఒకే బడిలో వేయడం, పేరున్న దూరపు బడికంటే మేలు.

ఆదివారాలు పిల్లలను తిప్పడానికి వైట్‌ఫీల్డు, కేఆర్ పురం వైపు ఉండేవారికి మెట్రో ఊదా మార్గం సులువు, మారకుండానే కబ్బన్ పార్క్ స్టేషనులో దిగవచ్చు. చంటిబిడ్డను ఒంటికి కట్టుకునే సంచిలో పెట్టుకుంటే రెండు చేతులూ మిగిలిన ఇద్దరికీ ఉంటాయి. స్ట్రోలరు ఇక్కడి కాలిబాటలకు పనికిరాదు. మే నెల సాయంత్రాలు, ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వాన ఎప్పుడు పడుతుందో తెలియదు కనుక మధ్యాహ్నానికే ఇల్లు చేరేలా బయలుదేరాలి.

ఉద్యోగం చేసే తల్లి

ప్రసూతి సెలవు 26 వారాలని అందరికీ తెలుసు కానీ, ఇద్దరు పిల్లలుండగా మూడోసారి కాన్పయితే అది 12 వారాలే. ఆ లెక్క తెలిసి ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడవద్దు.

ఒక్కొక్కరితో విడిగా

"నువ్వు పెద్దవాడివి, నువ్వే సర్దుకోవాలి" అన్న మాట ఐదేళ్ల పిల్లవాడికి రోజూ చెప్పవలసినది కాదు. ప్రతి బిడ్డకూ ఒక చిన్న పెట్టె ఇవ్వండి, అందులోని వస్తువులు మరొకరికి పంచనక్కరలేదు. మిగిలిన బొమ్మలు అందరివీ. సగం తగవులు అక్కడే తీరుతాయి. పెద్దవాడు ఇంటికి ఏ భాష తెస్తే చిన్నవాళ్లు ఆ భాషలోనే మాట్లాడతారు. బడిలో కన్నడం, ఇంగ్లీషు, అపార్ట్‌మెంటు ఆటస్థలంలో హిందీ వినే పిల్లల ఇంట్లో తెలుగు నిలవాలంటే, ముగ్గురికీ కలిపి పాఠం చెప్పడం కంటే పెద్దవాడితో విడిగా కూర్చుని కథ చదవడం ఫలిస్తుంది.

తల్లితో ఒంటరిగా గడిపే ఆ కాసేపటికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. చంటిబిడ్డ పడుకున్నాక పెద్దవాడికి పావుగంట, భర్త ఇంట్లో ఉండే శనివారం ఉదయం మూడేళ్ల పిల్లను ఒక్కదాన్నే కూరగాయల బండి దగ్గరికి తీసుకువెళ్లడం చాలు. వేళ మాత్రం మారకూడదు, ఎందుకంటే తన వంతు తప్పకుండా వస్తుందని తెలిసిన పిల్ల మిగిలిన సమయంలో కొంగు పట్టుకుని వేలాడడం తగ్గిస్తుంది. ఊరినుంచి అమ్మమ్మ వచ్చిన రోజుల్లో చంటిబిడ్డను ఆమె చేతికిచ్చి, ఈ పెద్ద పిల్లలిద్దరి వంతులను కొంచెం పొడిగించండి.