10 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్‌కు సిలిండర్, పంపు లెక్క

ముందు సిలిండర్ తేల్చుకోండి. 100 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) వైశాల్యం 78.5 చదరపు సెం.మీ.; 10 టన్నులకు 125 బార్ చాలు. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేది) 140 బార్ దగ్గర పెట్టండి. టన్నులు చాలట్లేదని పెద్ద పంపు కొంటే డబ్బు దండగ, పెరిగేది వేగమే.

ర్యామ్ (సిలిండర్‌లో కదిలే పిస్టన్, దాని రాడ్) సెకనుకు 10 మి.మీ. దిగాలంటే నిమిషానికి 4.7 లీటర్ల ఆయిల్ కావాలి. 1440 ఆర్‌పీఎం మోటారుకు, పంపు లోపలి లీకేజీ పది శాతం కలిపితే, పంపు ఒక్కో చుట్టుకు 3.6 సీసీ ఇవ్వాలని వస్తుంది. 4 సీసీ గేర్ పంపు తీసుకోండి. అది ఇచ్చే 5.2 లీటర్లను 140తో గుణించి 600తో భాగిస్తే 1.2 కిలోవాట్లు. నష్టాలు కలుపుకొని 2 హెచ్‌పీ మోటారు పెట్టండి.

చాలామంది తప్పేది రిటర్న్ లైన్‌లో, అంటే ఆయిల్ ట్యాంకుకు తిరిగెళ్లే పైపులో. రాడ్ వైపు వైశాల్యం తక్కువ కాబట్టి ర్యామ్ వేగంగా వెనక్కి వస్తుంది; రాడ్ 56 మి.మీ. అయితే, అప్పుడు బోర్ వైపు నుంచి నిమిషానికి 7.6 లీటర్లు బయటికొస్తుంది. రిటర్న్ ఫిల్టర్, వాల్వ్ ఆ లెక్కకే కొనండి. లేదంటే బ్యాక్‌ప్రెషర్ పెరిగి ఆయిల్ వేడెక్కుతుంది.