కంటెంట్ మైగ్రేషన్ సాఫ్ట్‌వేర్: ఇన్‌స్టాలేషన్, అనుమతుల విషయంలో ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

2025 జులైలో సొంత సర్వర్లలో నడిచే షేర్‌పాయింట్ (సంస్థలు దస్త్రాలను దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన దాడి తర్వాత, విశాఖపట్నంలో నాకు తెలిసిన పలు కార్యాలయాల్లో ఒకటే ఆందోళన కనిపించింది. సీవీఈ-2025-53770 అనే ఆ లోపాన్ని పట్టుకుని, లాగిన్ అవసరమే లేకుండా సర్వర్‌లోకి చొరబడినవారు మెషీన్ కీలను (తన దగ్గరికి వచ్చే సమాచారం అసలైనదేనని సర్వర్ సరిచూసుకునే రహస్య కీలను) కూడా ఎత్తుకుపోయారు. ప్యాచ్ వేసినా ఆ కీలతో మళ్లీ లోపలికి రావచ్చు కాబట్టి, కీలు మార్చి ఐఐఎస్‌ను (విండోస్ వెబ్ సర్వర్‌ను) రీస్టార్ట్ చేసేవరకు ప్రమాదం తొలగలేదు. దీనికి తోడు షేర్‌పాయింట్ 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మద్దతు గడువు 2026 జులై 14. అందుకే ఏళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన వలస పనులన్నీ, అంటే పాత సర్వర్‌లోని దస్త్రాలను క్లౌడ్‌లో నడిచే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు తరలించే పనులన్నీ, ఒక్కసారిగా మీదపడుతున్నాయి, మైగ్రేషన్ సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఉత్తర్వులు కూడా అంతే తొందరగా వెలువడుతున్నాయి.

బ్యాకప్ తీసుకోవాలని, లైసెన్సు సరిచూసుకోవాలని ఎవరికీ చెప్పనక్కరలేదు. నేను చూసిన వలసల్లో కొంపలు ముంచింది వేరొక పొరపాటు. పని త్వరగా తెమిలిపోతుందని, అన్నిటికన్నా పెద్ద అధికారమున్న అడ్మిన్ ఖాతాను, అది కూడా ఒక ఉద్యోగి సొంత ఖాతాను, సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టడమే ఆ పొరపాటు.

పెద్ద ఖాతా ఎందుకు ప్రమాదకరం

ఇన్‌స్టాలేషన్ రోజున ఎక్కడో ఒకచోట "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది. ఏ అనుమతి తక్కువైందో వెతకడానికి ఓపిక ఉండదు. ప్రస్తుతానికి ఫార్మ్ ఖాతాతో (పాత షేర్‌పాయింట్ సర్వర్లన్నిటినీ నడిపే ఖాతాతో) కానిద్దామని ఒకరంటారు, క్లౌడ్ వైపు అన్ని అధికారాలూ ఉన్న గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇచ్చేద్దామని ఇంకొకరంటారు. ఎర్రర్లు పోతాయి, అందరికీ ఊరట కలుగుతుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

అన్నీ చూడగల ఖాతాతో వలస నడిపి, అదే ఖాతాతో ఫలితాన్ని పరీక్షిస్తే ప్రతి ఫైలూ తెరుచుకుంటుంది. ఆ ఫైలు తెరవకూడనివారికి కూడా తెరుచుకుంటోందా అన్న ప్రశ్నకు ఆ పరీక్షలో జవాబు దొరకదు. ఈ నగరంలోనే ఒక సంస్థలో పాత సైట్‌లో సిబ్బంది విభాగం లైబ్రరీకి విడిగా అనుమతులు ఉండేవి. కొత్త సైట్‌లో ఆ లైబ్రరీ పై స్థాయి అనుమతులనే వారసత్వంగా తీసుకుంది. అడ్మిన్ పరీక్షలో అంతా సవ్యంగానే కనిపించింది. సోమవారం ఉదయం అకౌంట్స్ విభాగంలోని ఒక ఉద్యోగిని సెర్చ్ పెట్టెలో "ఇంక్రిమెంట్" అని టైపు చేయగానే, తను వెతుకుతున్న సర్క్యులర్ కన్నా పైన, సహోద్యోగులందరి జీతాల పట్టిక వచ్చింది. ఆమె వెంటనే చెప్పడం వల్ల సరిపోయింది. అంతకుముందు ఆ పట్టికను ఇంకెంతమంది చూశారో తేల్చాలంటే ఆడిట్ లాగ్‌లు (ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో చెప్పే నమోదులు) కావాలి, అక్కడ వాటిని ఎవరూ సరిచూసుకోలేదు.

ఇలాంటిది ఇకపై సంస్థ లోపల సర్దుకునే వ్యవహారం కాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.

జులై దాడి నేర్పిన మరో సంగతిని చాలామంది గమనించడం లేదు. పాత సర్వర్‌లో చొరబాటుదారుడు ఇప్పటికే తిష్ట వేసి ఉంటే, అదే సర్వర్‌లో మైగ్రేషన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, క్లౌడ్ గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను అందులో దాచడమంటే, దాడి సోకని క్లౌడ్‌కు కూడా మనమే అతనికి దారి వేసి ఇచ్చినట్టు. ఆ దాడికి షేర్‌పాయింట్ ఆన్‌లైన్ గురికాలేదు. గురయ్యేలా మనం చేయకూడదు.

ఖాతాలు, అనుమతులు

వలస కోసమే ఒక సర్వీస్ ఖాతాను (మనిషికి కాక సాఫ్ట్‌వేర్‌కు చెందే ఖాతాను) సృష్టించండి, దానికి ఒక బాధ్యుడిని, ఒక ముగింపు తేదీని రాతపూర్వకంగా నిర్ణయించండి. ఉద్యోగి సొంత ఖాతాతో నడిపితే అతని పాస్‌వర్డ్ గడువు తీరిన రాత్రి పని ఆగిపోతుంది, అతను రాజీనామా చేస్తే పూర్తిగా నిలిచిపోతుంది, లాగ్‌లో జరిగిన ప్రతి మార్పూ అతని పేరు మీదే నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి ఆ యంత్రంపై లోకల్ అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. ఆ తర్వాత రోజూ నడపడానికి కూడా అది కావాలో లేదో తయారీదారు పత్రంలో చూసి, అక్కరలేకపోతే తీసివేయండి.

పాత షేర్‌పాయింట్ వైపు వెబ్ అప్లికేషన్ యూజర్ పాలసీలో "ఫుల్ రీడ్" (అన్నీ చదవగలిగే, ఏదీ మార్చలేని అనుమతి) సరిపోతుందేమో మొదట చూడండి. అనుమతుల జాబితాను కూడా చదవాలంటే కొన్ని సాఫ్ట్‌వేర్లకు అంతకన్నా ఎక్కువ కావాలి. అప్పుడు కూడా ఫార్మ్ మొత్తానికి కాక, ఆ విడతలో తరలించే సైట్ కలెక్షన్లకు (ఒకే అడ్మిన్ కింద ఉండే సైట్ల సమూహాలకు) మాత్రమే అడ్మిన్ హక్కు ఇవ్వండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ తన సొంత డేటాబేస్‌ను తయారు చేసుకునేటప్పుడు మాత్రమే "డీబీ క్రియేటర్" (కొత్త డేటాబేస్ సృష్టించే హక్కు) అవసరం. ఆ తర్వాత ఆ ఒక్క డేటాబేస్‌పై యాజమాన్య హక్కు చాలు. షేర్‌పాయింట్ కంటెంట్ డేటాబేస్‌లోకి నేరుగా ఏదీ రాయనివ్వకండి, మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఇవ్వదు.

క్లౌడ్ వైపు గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ చేయవలసింది మైగ్రేషన్ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లోకి లాగిన్ కావడానికి నమోదు చేసే యాప్‌కు ఒక్కసారి సమ్మతి ఇవ్వడమే, వలస నడపడం కాదు. ఎంట్రా ఐడీలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఖాతాల వ్యవస్థలో) నమోదు చేసిన యాప్ మనిషి ప్రమేయం లేకుండా షేర్‌పాయింట్ సొంత ఏపీఐల ద్వారా దాన్ని చేరాలంటే సీక్రెట్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య పదం) చాలదు, సర్టిఫికెట్ కావాలి. దాని గడువు వలస మధ్యలో ముగియకుండా చూసుకోండి, ప్రైవేటు కీని ఈమెయిల్‌లో పంపకండి. సాఫ్ట్‌వేర్ అంగీకరిస్తే అన్ని సైట్లకూ వర్తించే అనుమతికి బదులు "సైట్స్ సెలెక్టెడ్" (ఎంచుకున్న సైట్లకే పరిమితమయ్యే అనుమతి) వాడండి. సేల్స్ వారు ఈ మాట తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి, ఎప్పుడు నడపాలి

సాధ్యమైనంతవరకు పాత సర్వర్‌లో కాక, వేరే యంత్రంలో ఇన్‌స్టాల్ చేయండి. ఫైళ్లను పంపేముందు ప్యాకేజీలుగా కట్టే సాఫ్ట్‌వేర్లు తాత్కాలిక ఫోల్డర్‌ను బాగా వాడుకుంటాయి, అది సీ డ్రైవ్‌లో ఉంటే డ్రైవ్ నిండి యంత్రమే ఆగిపోతుంది. ఫైర్‌వాల్ బృందం షేర్‌పాయింట్ చిరునామాలను మాత్రమే తెరిచి ఊరుకోవడం మామూలే. మైక్రోసాఫ్ట్ మైగ్రేషన్ ఏపీఐ (చాలా సాఫ్ట్‌వేర్లు వాడే తరలింపు సేవ) ఫైళ్లను ముందుగా మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజ్యూర్ స్టోరేజిలో ఉంచుతుంది కాబట్టి, ఫైళ్లు ఉండే బ్లాబ్, సందేశాలు ఉండే క్యూ చిరునామాలకు కూడా 443 పోర్టు తెరవాలి.

రద్దీ ఎక్కువైతే షేర్‌పాయింట్ ఆన్‌లైన్ 429 లేదా 503 ఎర్రర్‌తో వేగాన్ని తగ్గిస్తుంది, ఎంతసేపు ఆగాలో కూడా చెబుతుంది. చెప్పినంతసేపు ఆగండి. రాత్రులు, వారాంతాలు నయం.

చివరి మార్పిడి తేదీని అక్టోబర్, నవంబర్‌లలో పెట్టకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ నగరంలో విద్యుత్తు, టెలిఫోన్లు రోజుల తరబడి ఎలా స్తంభించాయో చూసినవారికి కారణం వివరించనక్కరలేదు. మధురవాడలోనో రుషికొండలోనో మీ సర్వర్ గది ఉంటే, వలసకు ముందు తీసిన బ్యాకప్ ప్రతి ఒకటి తప్పనిసరిగా తీరానికి దూరంగా వేరే ఊరిలో ఉండాలి.

ఇక ఒక్కొక్కటిగా

పాత సర్వర్‌లో చొరబాటు జరగలేదని తేల్చుకోనిదే వలస మొదలుపెట్టకండి. ప్యాచ్ వేశాం కదా అన్న జవాబును ఒప్పుకోకండి, కీలు మార్చారా అని అడగండి.

ఉద్యోగం వదిలివెళ్లినవారి పేర్లకు యూజర్ మ్యాపింగ్ (పాత పేరుకు కొత్త వ్యవస్థలో ఏ పేరు రావాలన్న జాబితా) ముందే రాసుకోండి. లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు ఆ ఫైళ్ల రచయితగా వలస ఖాతా పేరునే పెడతాయి, పదేళ్ల దస్త్రాలన్నీ ఒకే పేరు మీదికి చేరతాయి.

"ఎవ్రీవన్" (అందరూ), "ఎవ్రీవన్ ఎక్సెప్ట్ ఎక్స్‌టర్నల్ యూజర్స్" (బయటివారు తప్ప అందరూ) అనే గుంపులకు ఎక్కడెక్కడ అనుమతి ఉందో జాబితా తీయండి. జాబితాలో ఉన్న ప్రతి చోటుకూ కారణం రాయించండి. కారణం లేనిచోట తీసేయండి.

ఫోల్డర్ దారీ, ఫైలు పేరూ కలిపి 400 అక్షరాలు దాటినవాటిని ముందే కుదించండి.

చెక్ అవుట్ చేసి (మార్పుల కోసం ఒకరు తన పేరు మీద పట్టి ఉంచి) వదిలేసిన ఫైళ్లను చెక్ ఇన్ చేయించండి. ఒక్కసారి కూడా చెక్ ఇన్ కాని ఫైలు వలసలో రాదు, రాలేదని ఎవరికీ తెలియదు.

పైలట్‌లో (ముందుగా నడిపే చిన్న ప్రయోగ వలసలో) తెలుగు పేర్లున్న ఫైళ్లను కూడా చేర్చండి.

విడివిడి అనుమతులున్న లైబ్రరీలను ఆఖరికి ఉంచుకోకండి, పైలట్‌లోనే పెట్టండి.

అడ్మిన్ ఖాతాతో పరీక్షించకండి. ప్రతి విభాగం నుంచి ఒక మామూలు ఉద్యోగిని కూర్చోబెట్టి, తనకు కనిపించవలసినవి కనిపిస్తున్నాయా అని ఒకసారి, కనిపించకూడనివి కనిపిస్తున్నాయా అని మరోసారి వెతికించండి. రెండో పరీక్ష ముఖ్యం. జీతం, వైద్యం, క్రమశిక్షణ చర్య, టెండరు అనే మాటలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సెర్చ్ చేయించండి.

ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ అనుమతి పెంచకండి. పెంచవలసి వస్తే ఏది, ఎందుకు, ఎప్పటివరకు అన్నది రాసి సంతకం చేయండి.

వలస ఖాతాకు ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడిగే లాగిన్) మినహాయింపు ఇవ్వకండి. మనిషి అందుబాటులో లేని రాత్రి పనులకు సర్టిఫికెట్‌తో నడిచే యాప్ ఉంది.

పాస్‌వర్డ్‌ను ఎక్సెల్ షీట్‌లో పెట్టకండి. వాట్సాప్‌లో పంపకండి. బయటి కాంట్రాక్టరుకు మీ అడ్మిన్ ఖాతా ఇవ్వకండి, అతని పేరుతో వేరే ఖాతా తెరవండి.

పాత సైట్‌ను చదవడానికి మాత్రమే ఉంచండి. వెంటనే తుడిచివేయకండి.

వలస ముగిసిన రోజునే ఆ సర్వీస్ ఖాతాను నిలిపివేయండి, యాప్ సమ్మతిని రద్దు చేయండి, సర్టిఫికెట్‌ను తొలగించండి, సైట్ కలెక్షన్ అడ్మిన్‌ల జాబితాలో ఆ పేరు మిగిలిందేమో ప్రతి సైట్‌లో చూడండి, ఎస్‌క్యూఎల్ లాగిన్‌ను తీసేయండి. ఇదంతా చేసినట్టు సంతకం పెట్టిన కాగితం చేతికి వచ్చాకే విక్రేతకు చివరి బిల్లు చెల్లించండి.