వాటా దావా వేసే ముందు: ఏ కోర్టు, ఏ చట్టం? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం

శ్రీకాకుళం సివిల్ కోర్టులో ఒకే పూట మూడు వాటా దావాలు పిలుపుకొచ్చాయనుకోండి. మొదటి కుటుంబం హిందువులు, రెండోది ముస్లింలు, మూడోది సవర గిరిజనులు. జడ్జి ఒక్కరే, బెంచి ఒక్కటే. వాటాల లెక్క మాత్రం మూడు రకాలు. షరియత్‌కో కోర్టు, కులాచారానికో కోర్టు అని మనకు విడిగా లేవు. మనం మద్రాసు కింద ఉన్నప్పటి 1873 సివిల్ కోర్టుల చట్టం 16వ సెక్షనే ఈ దారి వేసింది: వారసత్వం, పెళ్లి విషయాల్లో ముస్లింలకు ముస్లిం ధర్మం, హిందువులకు హిందూ ధర్మం, చట్టబలం ఉన్న ఆచారం ఉంటే ఆ ఆచారం, ఏదీ లేకపోతే న్యాయం, ధర్మం, మనస్సాక్షి.

కాబట్టి వకీలు దగ్గరికి వెళ్లే ముందే రెండు సంగతులు తేల్చుకోండి. భూమి ఎక్కడుంది? పోయిన మనిషి ఎవరు? భూమి ఉన్న చోటు కోర్టును తేలుస్తుంది, మనిషి వాటాను తేలుస్తాడు. ఈ రెండూ కలిపేస్తే ఏళ్ల తరబడి నడిచిన దావా కూడా అధికార పరిధి లేదన్న ఒక్క మాటతో పోతుంది.

భూమి మైదానమా, ఏజెన్సీనా

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు షెడ్యూల్డ్ (ఏజెన్సీ) గ్రామాలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా ఏజెన్సీ చట్టాలు మారలేదు. అక్కడి భూమి మీద సివిల్ దావా మామూలు కోర్టుకు పోదు. 1924 ఏజెన్సీ నిబంధనల కింద రెవెన్యూ అధికారులే నడిపే ఏజెన్సీ కోర్టుకు పోతుంది, కలెక్టరు అక్కడ ప్రభుత్వ ఏజెంటు.

మండలం పేరు చూసి నిర్ణయించుకోకండి. షెడ్యూల్డ్ అన్నది గ్రామాల జాబితా. మందస, మెళియాపుట్టి వైపు గిరిజనులున్నా ఆ జాబితాకెక్కని ఊళ్లున్నాయి. అక్కడ మనిషికి గిరిజన ఆచారం వర్తిస్తుంది, భూమికి ఏజెన్సీ చట్టం వర్తించదు. తహశీల్దారు ఆఫీసులోనో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలోనో గ్రామం పేరుతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఏజెన్సీలో ఇంకో ముడి 1959 భూబదిలీ నిబంధన, దాన్ని సవరించిన 1/70, అంటే 1970 నాటి 1వ రెగ్యులేషన్. అమ్మకం, తాకట్టు, లీజు, దానం ఏదైనా గిరిజనుడికి తప్ప ఇంకొకరికి చేస్తే చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. ముస్లిం ధర్మంలో నోటిమాట హిబా (దానం) చెల్లుతుంది కదా అని సీతంపేటలోని స్థలాన్ని తండ్రి తన బావమరిదికి హిబా ఇస్తే, షరియత్ ప్రకారం ఎంత సక్రమంగా ఉన్నా 1/70 ముందు అది నిలవదు.

ముస్లిం కుటుంబమైతే

ఎక్కువ తప్పులు ఇక్కడే. పాత దావా కాపీ చూసి గుమస్తా ప్లెయింటు (దావా పత్రం) టైపు చేస్తాడు, అందులో "ఉమ్మడి కుటుంబం", "పిత్రార్జితం" అని పడిపోతుంది. ముస్లిం ధర్మంలో ఉమ్మడి కుటుంబం లేదు, పుట్టుకతో వచ్చే హక్కూ లేదు. తండ్రి బతికుండగా కొడుకు వాటా అడగలేడు. తండ్రి పోయిన క్షణాన ఎవరి వాటా వారికి విడిగా వస్తుంది.

1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని వదిలేసింది కాబట్టి పొలానికి షరియత్ వర్తించదని కొందరు వాదిస్తారు. మన దగ్గర ఆ వాదన నడవదు. 1949లో మద్రాసు సవరణ ఆ మినహాయింపు తీసేసింది, అప్పటికి మనం మద్రాసులోనే ఉన్నాం.

లెక్క వరస ఇది. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు. భార్యకు చెల్లించని మెహర్ (నికాలో భర్త ఇస్తానన్న సొమ్ము) కూడా అప్పే, దాన్ని మరిచిపోతుంటారు. ఆ తర్వాత వీలునామా, అది మిగిలిన దాంట్లో మూడో వంతు దాటకూడదు. వారసుడికే రాస్తే, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఆపైన వాటాలు.

సున్నీల్లో హనఫీ శాఖ లెక్కలో, పోయినాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఎకరం 60 సెంట్లు ఉన్నాయనుకోండి. పిల్లలున్నారు కనుక భార్యకు ఎనిమిదో వంతు, 20 సెంట్లు. మిగిలిన 140 సెంట్లలో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు: కొడుకులకు 56 చొప్పున, కూతురికి 28. ఆయన తల్లి బతికుంటే ఆమెకు ఆరో వంతు వస్తుంది, లెక్క మారుతుంది. అప్పుడు ఆస్తిని 120 భాగాలు చేయండి: భార్యకు 15, తల్లికి 20, కొడుకులకు 34 చొప్పున, కూతురికి 17. ప్లెయింటులో ఈ భిన్నాలు రాసి, మొత్తం కూడి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

కష్టమైన సంగతి ఒకటుంది. తాత కంటే ముందే తండ్రి పోతే, బాబాయి బతికుండగా ఆ మనవలకు తాత ఆస్తిలో వాటా రాదు. తాత బతికుండగానే వాళ్లకు హిబా ఇవ్వాలి, లేదా మూడో వంతు లోపల వీలునామా రాయాలి. హిబాకు మూడు కావాలి: ఇచ్చానని చెప్పడం, పుచ్చుకున్నానని చెప్పడం, స్వాధీనం అప్పగించడం. మూడోది లేక పోయే హిబాలే ఎక్కువ.

హిందువులైతే

"పెళ్లయిన ఆడపిల్లకు రాదు" అన్న మాటను పక్కన పెట్టండి. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కిచ్చింది, 2005 కేంద్ర సవరణ పెళ్లయిన వాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు.

సవర, జాతాపు, గదబ కుటుంబాలైతే

హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. వర్తించేది ఆచారం. మా పెద్దలు ఇలా అనేవారంటే ఆచారం రుజువు కాదు. ఫలానా ఊళ్లో ఫలానా వాళ్లు పోయినప్పుడు భూమి ఎవరికి వెళ్లింది, ఎవరికి వెళ్లలేదు అన్న ఉదాహరణలు కావాలి, అవి తరతరాలుగా తెగకుండా వచ్చినవై ఉండాలి. సవర ఊరిపెద్ద గొమాంగోని సాక్షిగా పిలిస్తే, ఆయన నోట ఆచారం పేరు మాత్రమే కాదు, పేర్లు, సర్వే నంబర్లు, ఏళ్లు రావాలి. ఆ పాత పంపకాలకు అడంగల్ (ఊరి భూముల సాగు లెక్క) తోడు పెట్టండి.

రుజువు చేయాల్సింది ఆచారం చెప్పుకున్నవాడే. కూతురికి భూమి రాదనేవాడు ఆ సంగతి నిరూపించాలి. అలాంటి ఆచారం రుజువు కాకపోతే గిరిజన ఆడపిల్లకు సమాన వాటా ఇవ్వాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ కేసులో చెప్పింది. అవతలివాళ్లు "మేం హిందూ పద్ధతికి మారిపోయాం" అంటే, ఆ మార్పును కూడా సాక్ష్యంతోనే చూపించాలి.

కాగితాలు

మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్, ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరుంటే చాలు, వాటా ఖాయమనుకోకండి. అది కుటుంబ సభ్యులెవరో చెబుతుంది, ఎవరికెంతో చెప్పదు. విజయనగరం సంస్థానం పాత గ్రామాల్లో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్‌ఎఫ్‌ఏ, తప్పక కావాలి. అప్పటి పట్టాదారు పేరు దాంట్లోనే దొరుకుతుంది.

పెద్దమనుషుల కాగితం ఉంటే ఒక్క మాట చూడండి. "పంచుకుంటున్నాం" అని ఉంటే ఆ కాగితమే పంపకం, రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కుకు పనికిరాదు. "ఫలానా రోజు పంచుకున్నాం, గుర్తుగా రాసుకున్నాం" అని ఉంటే అది జరిగిన పంపకానికి జ్ఞాపిక, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్రియాపదం ఒక్కటి అరెకరం పొలాన్ని అటూ ఇటూ చేస్తుంది. సగం సగం రాసిన కాగితాలుంటాయి, వాటిని వకీలుకి చూపించకుండా దాఖలు చేయకండి.

పెళ్లి, విడాకులు

ఖాజీ నికా చేయించి రికార్డు రాస్తారు. 1880 ఖాజీల చట్టం ఆయనకు తీర్పు చెప్పే అధికారం ఇవ్వలేదు. ఒకే విడతలో మూడు తలాక్ చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, మూడేళ్ల వరకు జైలు. ముస్లిం భార్య విడాకులకు 1939 చట్టం కింద కోర్టుకు వెళ్లొచ్చు. భరణానికి మతంతో పనిలేదు, బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 144వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర అడగొచ్చు. కులపెద్దలు స్టాంపు కాగితం మీద రాయించే విడుపు, ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతేనే నిలుస్తుంది.

ఖర్చు

వాటా దావాలో మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారని చెబితే ఫీజు నామమాత్రం, మిమ్మల్ని బయటకు నెట్టేశారంటే వాటా విలువ మీద కట్టాలి. ఫీజు కోసం అబద్ధం రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు కూడా వెళ్లొచ్చు. అక్కడ ఒప్పుకుని రాసిన అవార్డు మీద అప్పీలు లేదు, అందుకే సంతకానికి ముందు సెంట్ల లెక్క ఇంకోసారి కూడి చూసుకోండి.