గోల్ఫ్ స్వింగ్ సరిచేసుకుంటూనే ఆట చకచకా సాగించడం ఎలా?

పెళ్లి భోజనాల్లో మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు పెరుగన్నం అయ్యాక కూడా కబుర్లు చెప్పుకుంటూ లేవకపోతే, వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో తెలిసిందే. గోల్ఫ్ కోర్సులో నత్తనడకన ఆడే నలుగురి వెనక ఉన్నవాళ్ల పరిస్థితీ అదే. అయితే నెమ్మదిగా ఆడేవాళ్లంతా బద్ధకస్తులు కారు. చాలామందికి తమ స్వింగ్ మీద, అంటే బాల్ కొట్టడానికి కర్ర ఊపే తీరు మీద, నమ్మకం ఉండదు. అందుకే బాల్ ముందు నిలబడి నాలుగు ప్రాక్టీస్ స్వింగులు వేస్తారు, చూసిన వీడియోలన్నీ గుర్తు తెచ్చుకుంటారు, గ్రిప్ మార్చి మళ్లీ పట్టుకుంటారు. ఈలోగా వెనకవాళ్లు చూస్తున్నారన్న టెన్షన్ మొదలవుతుంది. చివరికి తొందరపడి కొడతారు. బాల్ పొదల్లోకి పోతుంది, దాన్ని వెతకడానికి ఇంకాస్త టైమ్ పోతుంది.

కాబట్టి స్వింగ్ సమస్యకు ఒక వైద్యం, ఆలస్యానికి ఇంకో వైద్యం అక్కర్లేదు. రిపేరు పని అంతా ఇంటి దగ్గర చేసుకుని, కోర్సులో ఆట మాత్రమే ఆడాలి. విజయవాడ, గుంటూరు నుంచి ఆడే నాలాంటివాళ్లకు ఇది మరీ అవసరం. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కి వెళ్లాలంటే గోల్కొండ కోట దాకా, దాదాపు 275 కిలోమీటర్లు కారు నడపాలి. విశాఖ ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ క్లబ్ ఇంకా దూరం. అంత దూరం వెళ్లాం కదా అని ప్రతి షాట్‌నీ అపురూపంగా చూసుకుంటాం. ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ చెప్పినవన్నీ కుడిచేతివాళ్ల కోసం. ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోవాలి.

1. ముందు జబ్బేమిటో తెలుసుకోండి

"నా స్వింగ్ బాలేదు" అనుకుంటే ఏదీ బాగుపడదు. బాల్ ఎటు పోతోంది, క్లబ్ (బాల్ కొట్టే కర్ర) మొహానికి ఎక్కడ తగులుతోంది అన్న రెండు విషయాలు చూడాలి. వైట్‌బోర్డు మీద రాసే మార్కర్‌తో బాల్ వెనక వైపు ఒక చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్‌కి ఎదురుగా ఉండేలా ఉంచి కొట్టండి. మచ్చ క్లబ్ మొహం మీద అచ్చు పడుతుంది. మధ్యలో పడితే మంచిదే. మడమ వైపు, అంటే కర్ర అతుకు దగ్గర పడుతుంటే, మీరు బాల్‌కి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో, దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలుతోందేమో చూసుకోండి. షాంక్ అనే భయంకరమైన షాట్, అంటే బాల్ అడ్డంగా కుడికి దూసుకుపోయేది, పుట్టేది ఆ అతుకు దగ్గరే.

ఈ పనికి ఊళ్లోని ఆటస్థలాలు వాడేవాళ్లకు ఒక మాట. పొద్దున్నే గ్రౌండ్‌లో నడకకు వచ్చే పెద్దవాళ్లూ, క్రికెట్ ఆడే పిల్లలూ ఉంటారు. గోల్ఫ్ బాల్ బరువు 46 గ్రాములకు మించదు గానీ, తలకు తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడ ఫోమ్ బాల్సే వాడండి. అసలు బాల్ కొట్టాలంటే మేడ మీద గట్టి నెట్ కట్టుకోండి, అదీ పిట్టగోడకు ఎత్తుగా, పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు వైపు కాకుండా.

2. స్లైస్‌ని ఇంట్లోనే తగ్గించుకోండి

మనలో ఎక్కువమందికి ఉన్నది ఇదే: బాల్ బయల్దేరి, కుడికి వంగి, ఎక్కడో పడుతుంది. క్లబ్ ప్రయాణించే దారితో పోలిస్తే, తగిలే క్షణంలో క్లబ్ మొహం కుడికి తెరుచుకుని ఉండటమే కారణం. కుడికి పోతోంది కదా అని చాలామంది ఇంకా ఎడమకు తిరిగి నిలబడతారు. దాంతో క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే బాల్ అవతలి నుంచి మీ వైపుకి, మరింత అడ్డంగా కోస్తూ వస్తుంది, స్లైస్ ఇంకా పెరుగుతుంది.

మొదట గ్రిప్ చూసుకోండి. క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి కణుపులు రెండు, కుదిరితే రెండున్నర కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే చెయ్యి మరీ ఎడమకు తిరిగి ఉందన్నమాట, కొంచెం కుడికి తిప్పండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూపించాలి. కొత్త గ్రిప్ చేతికి పరాయిగా అనిపిస్తుంది. టీవీ చూస్తూ క్లబ్ పట్టుకుని కూర్చోండి, అలవాటైపోతుంది. ఇంట్లోవాళ్లు ఏమన్నా అంటే భరించండి.

గ్రిప్ గురించి ఇంకో సంగతి పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. మన కృష్ణా తీరంలో చెమట ఎక్కువ. ఉక్కపోత రోజుల్లో పది షాట్లకే గ్లవ్ తడిసి, క్లబ్ జారుతుందేమోనని తెలియకుండానే గట్టిగా బిగిస్తాం. ముంజేతులు బిగుసుకుంటే మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే క్లబ్ మొహం మూసుకోదు, మళ్లీ స్లైసే. రెండు గ్లవ్‌లు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. బ్యాగుకి ఒక నూలు తువ్వాలు కట్టండి. రబ్బరు గ్రిప్పుల్ని అప్పుడప్పుడు సబ్బునీళ్లతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టండి. స్వింగ్ పాడైందనుకుని బాధపడే చాలామందికి నిజానికి మురికి పట్టిన గ్రిప్పులే శత్రువులు.

ఆ తర్వాత క్లబ్ వచ్చే దారి. అట్టతో చేసిన ఖాళీ చెప్పుల డబ్బా ఒకటి తీసుకోండి. దాన్ని బాల్‌కి అవతలి పక్కన, క్లబ్ పట్టేంత సందు వదిలి, జానెడు వెనకగా పెట్టండి. బయటి నుంచి కోస్తూ వస్తే డబ్బా ఎగిరిపోతుంది. తగలకుండా కొట్టగలిగితే దారి సరిపడినట్టే. మొదట సగం స్వింగులతో, మెల్లగా.

3. నేలను ముందే కొట్టేస్తుంటే ముగ్గు గీయండి

ఐరన్‌తో (సన్నటి లోహపు తల ఉన్న క్లబ్‌తో) కొట్టినప్పుడు క్లబ్ ముందు బాల్‌కి తగలాలి, ఆ తర్వాతే నేలను గీరాలి. బాల్ కంటే ముందే నేల తగిలితే ఫ్యాట్, బాల్ నెత్తిన తగిలితే టాప్. మెత్తటి నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీసి, బాల్ లేకుండా ఆ గీత మధ్యలో ఉండేలా నిలబడి స్వింగ్ చేయండి. గీరుడు గీత దగ్గర మొదలై టార్గెట్ వైపు సాగితే సరే. గీతకు వెనకే మట్టి లేస్తుంటే బరువు కుడికాలి మీదే ఉండిపోతోంది. ఎడమకాలి మీదికి బరువు తెచ్చి, ఛాతీ టార్గెట్ వైపు తిరిగి ముగిసేలా చూసుకోండి. ఏ నెట్టూ, ఏ మెషీనూ ఇంత నిజాయితీగా చెప్పదు.

క్రికెట్ ఆడి పెరిగిన మన చేతులకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఫుల్ టాస్ వస్తే మిడ్ వికెట్ మీదుగా లేపేయడం మనకు అలవాటు, బాల్‌ని కింది నుంచి ఎత్తాలనిపిస్తుంది. గోల్ఫ్‌లో బాల్‌ని పైకి లేపేది క్లబ్ మొహానికి ఉన్న వాలు. మీరు లేపబోతే టాప్ అవుతుంది.

4. షాట్‌కి పట్టే టైమ్‌ని ప్రాక్టీస్‌లోనే కొలవండి

గోల్ఫ్ నియమాల్లో 2019లో పెద్ద మార్పులు వచ్చాయి. అడ్డంకి లేకుండా ఆడే వీలు వచ్చాక 40 సెకన్లు దాటకుండా షాట్ కొట్టాలనీ, మామూలుగా అంతకంటే త్వరగానే కొట్టాలనీ నియమాలు సూచిస్తున్నాయి. 40 సెకన్లు చాలా ఎక్కువ సమయం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మేడ మీద నిలబడి చూడండి, ఎంతసేపో మీకే తెలుస్తుంది.

ఒక వరస పెట్టుకోండి. బాల్ వెనక నిలబడి టార్గెట్ చూడటం, ఒక్క ప్రాక్టీస్ స్వింగ్, వెళ్లి నిలబడటం, ఇంకోసారి చూడటం, కొట్టడం. తలలో ఒక్క ఆలోచనే ఉండాలి. నా ఓటు "తొందరపడకుండా పైకి" అన్నదానికి. మంచి ఆటగాళ్ల స్వింగ్‌లో క్లబ్ పైకి వెళ్లే సమయం, కిందికి వచ్చే సమయానికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. మనం దాన్ని లాగి పైకెత్తి, అంతే వేగంగా కిందికి దింపేస్తాం. తల కదపకు, మోచెయ్యి వంచకు, నడుం తిప్పు, మణికట్టు పట్టు అంటూ నాలుగు ఆజ్ఞలు ఒకేసారి ఇస్తే ఒళ్లు ఏదీ వినదు.

ఒక చిన్న లెక్క. నలుగురు కలిసి ఆడుతూ ఆట మొత్తానికి ఒక్కొక్కరు 90 షాట్లు కొట్టారనుకుందాం, అంటే మనలాంటివాళ్లకు పండగే. మొత్తం 360 షాట్లు. ఒక్కో షాట్‌కి పది సెకన్లు వృథా చేసినా 3,600 సెకన్లు, సరిగ్గా గంట. మే నెల ఎండలో ఆ గంట విలువేమిటో చెప్పక్కర్లేదు.

5. కోర్సులో కాళ్లూ కళ్లూ ముందుగా కదలాలి

మీ వంతు వచ్చేదాకా ఊరికే నిలబడకండి. పక్కవాళ్లు కొడుతున్నప్పుడే, వాళ్లకు అడ్డు రాకుండా, మీ దూరం చూసుకుని క్లబ్ ఎంచుకోండి. స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కపెట్టే ఆటలో) హోల్‌కి (బాల్ వేయాల్సిన గుంతకి; అక్కడిదాకా ఉన్న ఆట భాగాన్నీ హోలే అంటారు) దూరంగా ఉన్నవాళ్లే ముందు ఆడాలని పట్టుబట్టనక్కర్లేదు. ప్రమాదం లేకపోతే సిద్ధంగా ఉన్నవాళ్లు కొట్టేయొచ్చు, నియమాలే దాన్ని ప్రోత్సహిస్తున్నాయి. మన దగ్గర మర్యాదలు దీనికి అడ్డొస్తాయి. "మీరు కానివ్వండి బావగారూ", "అబ్బే, ముందు మీరే" అంటూ టీ మీద (హోల్ మొదటి షాట్ కొట్టే చోట) నిమిషాలు గడిచిపోతాయి. ఆట మొదలుపెట్టే ముందే నలుగురూ ఒక మాట అనుకుంటే ఈ మొహమాటం ఉండదు.

బాల్ పోయిందేమోనని అనుమానం వస్తే అక్కడి నుంచే ప్రొవిజనల్, అంటే ముందుజాగ్రత్తగా ఇంకో బాల్, కొట్టండి. "ప్రొవిజనల్ కొడుతున్నాను" అని పైకి చెప్పి కొట్టాలి. చెప్పకుండా కొడితే అదే అసలు బాల్ అయిపోతుంది, పెనాల్టీతో సహా. మీ బ్యాగు మోసే కేడీ "సార్, ఇంకోటి కొట్టేసి వెళ్దాం" అన్నాడంటే అహం పక్కన పెట్టి వినండి, అలాంటివి అతను రోజూ చూస్తాడు. వెతకడానికి ఇప్పుడు మూడే నిమిషాలు, 2019కి ముందు అయిదు ఉండేవి. బాల్ ఖరీదు గుర్తొచ్చి గడ్డిలో క్లబ్‌తో దువ్వుతూ నిలబడేవాళ్లు ఇది గమనించాలి.

గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ఎక్కువ టైమ్ పోయేది టీవీ చూసి నేర్చుకున్న అలవాట్ల వల్ల. నాలుగు వైపుల నుంచీ వంగి చూడటం, కూర్చుని లేవడం. ప్రొఫెషనల్స్‌ని అనుకరించడానికి వాళ్లే అంత గొప్ప ఉదాహరణ కాదు. 2018లో ఫార్మర్స్ ఇన్సూరెన్స్ ఓపెన్ అనే అమెరికా పోటీ చివరి హోల్‌లో జె.బి. హోమ్స్ ఒక్క షాట్‌కి నాలుగు నిమిషాలకు పైగా తీసుకుని, చివరికి బాల్‌ని గ్రీన్ మీదికి కాకుండా దానికి ముందే ఆగేలా కొట్టాడు. ఎదుటివాళ్లు పట్ చేస్తున్నప్పుడే (బాల్‌ని గుంతలోకి దొర్లిస్తున్నప్పుడే) మీ లైను చూసుకోండి. గుంతలోని జెండా కర్ర తీయకుండానే పట్ చేయొచ్చు, పెనాల్టీ లేదు. బ్యాగు తర్వాతి టీ వైపు ఉంచండి. స్కోరు అక్కడికి వెళ్లాక రాసుకోవచ్చు.

స్నేహితుల మధ్య ఆటలో హోల్ చెయ్యి జారిపోతే బాల్ తీసి జేబులో వేసుకోండి. హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే షాట్ల రాయితీ) లెక్కకు ఆ హోల్‌లో పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్య) మీద రెండు, దానికి మీకు వచ్చే హ్యాండికాప్ స్ట్రోకులు కలిపి అంతవరకే తీసుకుంటారు. పదకొండో షాట్ కూడా పూర్తిచేసినందుకు ఎవరూ మెచ్చుకోరు.

వేగం సరిపోతోందా లేదా అని వెనక్కి తిరిగి చూసి తేల్చుకోకండి. వెనకవాళ్లు ఇంకా దూరంగా ఉన్నారు కదా అని అందరూ సర్దిచెప్పుకుంటారు. చూడాల్సింది ముందు. ముందు గ్రూపుకీ మీకూ మధ్య ఒక హోల్ పూర్తిగా ఖాళీ అయిందంటే, వెనక ఎవరూ లేకపోయినా మీరు వెనకబడ్డట్టే. వెనకవాళ్లు కాచుకుని ఉంటే వాళ్లని ముందు పంపించేయండి, తర్వాత మీ ఆటా హాయిగా ఉంటుంది.

6. మధ్యలో స్వింగ్ పోతే రిపేరు చేయకండి

ఏడో హోల్ దగ్గర ఉన్నట్టుండి స్లైస్ తిరిగొస్తుంది. అక్కడ గ్రిప్ మార్చకండి. ఆ రోజుకి స్లైస్ మీతోనే ఉందనుకుని, ఎడమకు గురిపెట్టి ఆడేయండి. ఇది ఇంటి ప్రాక్టీస్‌లో పనికిరాని పద్ధతి, ఆ ఒక్క రౌండ్‌కే. డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే పొడుగు క్లబ్) బ్యాగులో పెట్టి, నమ్మకమున్న ఏడో నంబర్ ఐరన్‌తో ముప్పావు స్వింగ్ కొట్టండి. దూరం తగ్గినా బాల్ కనపడుతుంది. వెతుకులాట ఉండదు.

ఇలాంటప్పుడు తోటివాళ్లంతా గురువులైపోతారు. పోటీల్లో అయితే మీ కేడీ, జట్టులో ఆడుతుంటే మీ పార్ట్‌నర్ తప్ప ఇంకొకరు సలహా ఇవ్వడం నియమాలకు విరుద్ధం. స్ట్రోక్ ప్లేలో సలహా ఇచ్చినవాళ్లకు రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది. మామూలు ఆటలో కూడా నవ్వుతూ ఈ నియమం గుర్తుచేస్తే మొహమాటం లేకుండా తప్పించుకోవచ్చు.

7. ముందు గ్రూపే నెమ్మదిగా ఆడుతుంటే

టీ మీద నిలబడి పది ప్రాక్టీస్ స్వింగులు వేయడం అన్నిటికంటే చెడ్డపని. అలిసిపోతారు, అసలు షాట్ వచ్చేసరికి లయ పోతుంది. నీడన కూర్చోండి, మజ్జిగ తాగండి, ఆట గురించి కాకుండా ఏదైనా మాట్లాడుకోండి. ముందు దారి ఖాళీ అయ్యాకే లేచి, ప్రాక్టీస్‌లో పెట్టుకున్న వరస మొదటి నుంచి మొదలుపెట్టండి. కోపంతో వాళ్ల వైపు కొట్టడం నేరంతో సమానం. పొరపాటున అటు పోతే వాళ్లను హెచ్చరించడానికి వెంటనే "ఫోర్" అని గట్టిగా అరవండి. వాళ్ల ముందు హోల్ ఖాళీగా ఉంటే దగ్గరకు వెళ్లి "అన్నగారూ, మేం ఇద్దరమే ఉన్నాం, మీకు ఇబ్బంది లేకపోతే ముందు వెళ్లిపోతాం" అంటే దాదాపు ఎవరూ కాదనరు. ముందు కూడా కిక్కిరిసి ఉంటే అడిగి లాభం లేదు.

8. ఇంటికొచ్చాక కోచ్‌కి ఏం పంపాలి

తిరుగు ప్రయాణంలో ఫోన్‌లో రెండే విషయాలు రాసుకోండి: బాల్ ఎక్కువగా ఎటు పోయింది, ఏ క్లబ్‌తో పోయింది. తర్వాతి వారం ప్రాక్టీస్ ఆ క్లబ్‌తోనే. నెల దాటినా మార్పు లేకపోతే కోచ్‌ని అడగాల్సిందే. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉన్న కోచ్‌కి వీడియో పంపాలంటే, ఫోన్ మీ చేతుల ఎత్తులో, మీ కుడిపక్కన, టార్గెట్ గీతకు (బాల్ నుంచి టార్గెట్ దాకా ఊహించుకునే గీతకు) వెనకాల పెట్టి తీయండి. ఇంకోటి ఎదురుగా నిలబెట్టి తీయండి. ఒక్కోటి పది సెకన్లు చాలు. అరగంట వీడియో పంపితే ఏ కోచ్ చూడడు.